‘వాళ్లు బాగుపడలేదా, మీకేమైంది?’: కరీబియన్ వలసదారులతో అమెరికా నల్లజాతి ప్రజల పోలిక వెనుక ఉన్నదేమిటి

అమెరికాలో నల్లజాతి ప్రజల పేదరికం గురించి చర్చ వచ్చినప్పుడల్లా ఒక వాదన తప్పకుండా ముందుకొస్తుంది. జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్ దీవుల నుంచి వచ్చినవాళ్లూ నల్లవాళ్లే, వాళ్ల పూర్వీకులూ బానిసలే. అయినా వాళ్లు ఉద్యోగాలు తెచ్చుకున్నారు, ఇళ్లు కొనుక్కున్నారు, పిల్లల్ని చదివించుకున్నారు. మరి అక్కడే పుట్టి పెరిగిన నల్లవాళ్లకు ఏమైంది? లోపం వాళ్ల అలవాట్లలో, సంస్కృతిలో ఉంది తప్ప వివక్షలో లేదు అన్నది ఈ వాదన సారం.

రిజర్వేషన్ల మీద మన దగ్గర జరిగే వాగ్వాదాలు విన్నవాళ్లకు ఈ గొంతు కొత్తేమీ కాదు. అందుకే ఈ పోలిక ఎక్కడ మొదలైంది, ఏ లెక్కల మీద నిలబడింది, ఆ లెక్కల్ని తర్వాతి పరిశోధకులు ఎలా విప్పి చూశారు అన్నది మన విద్యార్థులు, కార్యకర్తలు తెలుసుకోవాల్సిన విషయం.

ముందు పేర్ల సంగతి. ఈ వ్యాసంలో కరీబియన్ వలసదారులంటే ప్రధానంగా ఇంగ్లీషు మాట్లాడే దీవుల నుంచి, గయానా నుంచి వచ్చిన నల్లజాతి వారు. ‘వెస్టిండియన్లు’ అన్న పాత పేరు క్రికెట్ పుణ్యమా అని మనకు పరిచయమే. హైతీ ప్రజల భాష, చరిత్ర వేరు కాబట్టి చాలా అధ్యయనాలు వాళ్లను విడిగా చూస్తాయి. గయానా, ట్రినిడాడ్‌లలో భారతదేశం నుంచి ఒప్పంద కూలీలుగా వెళ్లినవారి సంతతి కూడా పెద్ద సంఖ్యలో ఉంది. మద్రాసు రేవులో ఓడెక్కినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల కథ వేరే వ్యాసానికి సరిపడేంత ఉంది.

రెండు అలలు

కరీబియన్ నుంచి అమెరికాకు మొదటి అల 20వ శతాబ్దం తొలి పాతికేళ్లలో వచ్చింది. ఎక్కువ మంది న్యూయార్క్‌లోని హార్లెమ్ చేరారు. 1930 నాటికి ఆ నగర నల్లజాతి జనాభాలో దాదాపు నాలుగో వంతు వాళ్లే. 1917 చట్టం చదవడం వచ్చినవారికే ప్రవేశమంది. అంటే తలుపు దగ్గరే ఒక వడపోత జరిగిపోయింది. 1924 చట్టంతో వలస బాగా పడిపోయింది. 1952 చట్టమైతే బ్రిటిష్ పాలనలోని ఒక్కో వలస ప్రాంతం నుంచి ఏడాదికి 100 మందికి మించి రావడానికి వీల్లేదంది. తలుపులు మళ్లీ తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. పౌరహక్కుల చట్టం వచ్చింది 1964లో, ఓటుహక్కు చట్టం 1965లో. ఈ మూడూ ఒకే రెండేళ్లలో రావడం కాకతాళీయం కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో లాఠీలు, కుక్కలు, జైళ్లు ఎదుర్కొన్న స్థానిక నల్లజాతి ప్రజల పోరాటం తెచ్చిన వాతావరణంలోనే జాతి ప్రాతిపదికన ఉన్న వలస కోటాలు కూడా రద్దయ్యాయి. 1965 తర్వాత వచ్చిన లక్షల మంది కరీబియన్లు ఆ పోరాటం వేసిన దారిలోనే నడిచి వచ్చారు. ‘వాళ్లు సొంతంగా బాగుపడ్డారు’ అనేవాళ్లు ఈ ముక్క దాటేస్తారు.

ఈ వలసదారుల గురించి తొలి సమగ్ర అధ్యయనం నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త ఐరా రీడ్‌ది. ‘ది నీగ్రో ఇమిగ్రెంట్’ పేరుతో 1939లో వెలువడింది. రెండు సమూహాల మధ్య అసూయలు, ఎగతాళి, పోటీ అప్పటికే ఉన్నాయని ఆయన నమోదు చేశారు. అయితే ఆ పోలికను రాజకీయ ఆయుధంగా మార్చింది ఆర్థికవేత్త థామస్ సోవెల్. సోవెల్ కూడా నల్లజాతి వారే. 1970 జనాభా లెక్కల ఆధారంగా 1978లోనూ, ‘ఎత్నిక్ అమెరికా’ అనే పుస్తకంలో 1981లోనూ ఆయన చెప్పిందేమిటంటే, కరీబియన్ కుటుంబాల ఆదాయం స్థానిక నల్లజాతి కుటుంబాల ఆదాయం కన్నా చాలా ఎక్కువ, రెండో తరం వారిది దేశ సగటునే దాటింది. రంగు ఒకటే అయినప్పుడు ఫలితాలు వేరైతే, రంగు మీద వివక్షే కారణమని ఎలా అంటాం అన్నది ఆయన ప్రశ్న. దానికి ఆయన చెప్పుకున్న జవాబు బానిసత్వపు రూపంలో ఉంది. దీవుల్లో బానిసలకు చిన్న చిన్న చెక్కలు ఇచ్చి తమ తిండి తామే పండించుకోమనేవారు. మిగిలింది సంతలో అమ్ముకునేవారు. పైగా అక్కడ జనాభాలో నల్లవాళ్లే అత్యధికులు. దీనివల్ల సొంత చొరవ, పొదుపు, ఆత్మవిశ్వాసం అలవడ్డాయని ఆయన వాదన.

వినడానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ చెక్కల సేద్యం చారిత్రక వాస్తవం కూడా. కానీ ఆ వారసత్వమే కారణమైతే అది దీవుల వారందరికీ, వాళ్లు ఏ దేశం వెళ్లినా పనిచేయాలి. సోవెల్ వాదన చిక్కుల్లో పడేది ఇక్కడే.

ఎవరిని ఎవరితో పోలుస్తున్నాం?

ఊరు వదిలి సముద్రం దాటేవాళ్లు ఆ ఊరి సగటు మనుషులు కారు. టికెట్ డబ్బు, కాస్త చదువు, అవతల చేయి అందించే బంధువు, ఆరోగ్యం, తెగింపు ఉన్నవాళ్లే బయల్దేరతారు. మిగిలినవాళ్లు అక్కడే ఉండిపోతారు. న్యూయార్క్‌లోని జమైకన్‌ను అమెరికాలోని మొత్తం నల్లజాతి ప్రజలతో పోల్చడమంటే, వడపోత జరిగిన గుంపును జరగని గుంపుతో పోల్చడమే.

దీనికి విరుగుడు పోలికను ఆర్థికవేత్త క్రిస్టిన్ బుచర్ 1994లో చేసి చూపించారు. అమెరికాలోనే పుట్టి, పుట్టిన రాష్ట్రం వదిలి వేరే రాష్ట్రానికి వెళ్లిన నల్లజాతి పురుషులను ఆమె విడిగా తీశారు. వాళ్లూ ఒక రకంగా వలసదారులే కదా. వాళ్ల పక్కన పెట్టి చూస్తే విదేశాల నుంచి వచ్చిన నల్లవాళ్ల ప్రత్యేకత చాలావరకు కరిగిపోయింది. ఉద్యోగం, సంపాదన విషయాల్లో రెండు సమూహాలూ ఒకేలా కనిపించాయి. సామాజిక శాస్త్రవేత్త సుజాన్ మోడెల్ ఇదే ప్రశ్నను ఇంకా లోతుగా, అనేక దశాబ్దాల జనాభా లెక్కలతో పరిశీలించారు. ఆమె పుస్తకం 2008లో వచ్చింది. కొత్తగా దిగిన కరీబియన్లు మొదట్లో స్థానిక నల్లవాళ్ల కన్నా వెనకే ఉంటారు, కొన్నేళ్లకు వాళ్లను దాటుతారు, కానీ రాష్ట్రాలు మారిన స్థానిక నల్లవాళ్లతో పోల్చితే ఆ ఆధిక్యం నిలవదు. గొప్ప సంస్కృతి, శ్వేతజాతి వారి అభిమానం, వలసలోని వడపోత అనే మూడు వివరణల్లో సాక్ష్యాలు మూడోదాని వైపే మొగ్గుతున్నాయని ఆమె తేల్చారు.

ఈ తర్కం మనకు అర్థం కావాలంటే కరీబియన్ దాకా వెళ్లనక్కర్లేదు. అమెరికాలోని భారతీయుల ఆదాయాలు చూపించి ‘మన సంస్కృతి, మన కష్టపడే తత్వం’ అని మురిసిపోయే మాటలు తెలుగు సంఘాల సభల్లో మామూలే. సంజయ్ చక్రవర్తి, దేవేశ్ కపూర్, నిర్వికార్ సింగ్ 2016లో రాసిన ‘ది అదర్ వన్ పర్సెంట్’ ఆ విజయం వెనుక మూడు జల్లెడలు ఉన్నాయంటుంది. కులం, వర్గం చదువును ఎవరికి అందించాయన్నది మొదటిది. ఉన్నత విద్యలో ప్రవేశ పరీక్షలు రెండోది. అమెరికా వీసా మూడోది. మూడు జల్లెడల్లోంచి కిందికి జారినవాళ్లను చూపించి ‘ప్రతిభ’ అనడం ఎంత చక్కటి మోసమో దళిత విద్యార్థులకు వేరే చెప్పాలా?

అదే మనుషులు, వేరే దేశం

సంస్కృతి వాదానికి గట్టి పరీక్ష బ్రిటన్. 1948 జూన్‌లో ‘ఎంపైర్ విండ్‌రష్’ ఓడ టిల్బరీ రేవుకు చేరింది. 1962లో చట్టం అడ్డుపడేదాకా కరీబియన్ ప్రజలు బ్రిటిష్ పౌరులుగా, వీసా లేకుండానే అక్కడికి వెళ్లగలిగారు. లండన్ రవాణా సంస్థ 1956 నుంచి బార్బడోస్‌లో నేరుగా మనుషుల్ని చేర్చుకుంది. అవే దీవులు, అదే బానిసత్వ చరిత్ర, అవే చర్చిలు, బడులు. ఫలితం మాత్రం విజయగాథ కాలేదు. చేతిలో వృత్తి నైపుణ్యం ఉన్నవాళ్లు కూడా దానికన్నా కింది పనుల్లో చేరాల్సి వచ్చింది. బ్రిస్టల్ నగర బస్సుల్లో నల్లవాళ్లను, ఆసియన్లను సిబ్బందిగా తీసుకోబోమని అక్కడి కంపెనీ బాహాటంగానే అంది. పాల్ స్టీఫెన్సన్ వంటివారి నాయకత్వంలో 1963లో నెలల తరబడి బస్సులను బహిష్కరించాకే ఆ నిషేధం తొలగింది. బడుల్లో కరీబియన్ పిల్లల్ని మందబుద్ధుల పాఠశాలలకు నెట్టేస్తున్నారని గ్రెనడాకు చెందిన ఉపాధ్యాయుడు బెర్నార్డ్ కోర్డ్ 1971లో ఒక చిన్న పుస్తకం రాస్తే తల్లిదండ్రులు ఉద్యమించారు. చిన్నప్పుడే చట్టబద్ధంగా వచ్చి జీవితమంతా అక్కడే గడిపినవారిని కాగితాలు లేవంటూ నిర్బంధించి, కొందరిని దేశం నుంచే పంపేశారన్న విషయం 2018లో బయటపడింది.

ఈ తేడాకు మానవ శాస్త్రవేత్త నాన్సీ ఫోనర్ ఇచ్చిన వివరణ నాకు బలంగా అనిపిస్తుంది. వచ్చినవాళ్ల నేపథ్యంలో కొన్ని తేడాలు ఉన్నమాట నిజమే అంటూనే, వాళ్లు ఎవరి పక్కన కనిపిస్తున్నారన్నది చూడమంటారామె. న్యూయార్క్‌లో కరీబియన్లకు ముందే ఒక పెద్ద నల్లజాతి సమాజం ఉంది. అందులో సంఘాలు, వ్యాపారాలు, ఓటు బలం ఉన్నాయి. కొత్తవాళ్లను అందరూ ఆ సమాజంతో పోల్చి ‘మెరుగు’ అన్నారు. లండన్‌లో పోలిక తెల్లవారితో. అక్కడ అట్టడుగు మెట్టు మీద వీళ్లే కనిపించారు.

యజమానికి నచ్చిన నల్లవాడు

మేరీ వాటర్స్ ‘బ్లాక్ ఐడెంటిటీస్’ 1999లో వెలువడింది. న్యూయార్క్‌లో భోజన సేవలు అందించే ఒక సంస్థలోని కార్మికులతో, వాళ్ల మీది తెల్ల అధికారులతో ఆమె సుదీర్ఘంగా మాట్లాడారు. అధికారులకు కరీబియన్ కార్మికులే ఇష్టం. ఖాళీ వస్తే ఉన్నవాళ్ల బంధువులూ స్నేహితులే భర్తీ అవుతారు, బయటి స్థానిక నల్లవాళ్లకు కబురే అందదు. కొత్తగా వచ్చినవాళ్లు ఈ జీతాన్ని తమ దీవిలో వచ్చే జీతంతో పోల్చుకుని సర్దుకుంటారు. స్థానికులు తెల్లవారి జీతంతో పోల్చుకుంటారు. అవమానాన్ని అవమానంగా గుర్తుపడతారు, ఎదురు మాట్లాడతారు. ‘కష్టపడే స్వభావం’ అని మెచ్చుకుంటున్న దానిలో ఎంత భాగం తలవంచుకుని పోవడమో మన ఊళ్లలో పాలేళ్ల గురించి భూస్వాములు ఇచ్చే కితాబులు గుర్తుచేసుకుంటే తెలుస్తుంది.

ఆ మెప్పు కూడా ఎక్కువ కాలం నిలవదు. అమెరికాలో పుట్టిన పిల్లలకు తల్లిదండ్రుల యాస ఉండదు. పేద పేటల్లో, నాసిరకం బడుల్లో పెరిగిన రెండో తరం వారిని వీధిలో, దుకాణంలో అందరూ ‘నల్లవాళ్లు’గానే చూస్తారని, వాళ్లలో చాలామంది తమను నల్లజాతి అమెరికన్లుగానే చెప్పుకుంటారని వాటర్స్ గమనించారు. మొదటి తరం వారికైనా వీధిలో రక్షణ లేదు. ట్రినిడాడ్‌లో పుట్టిన 23 ఏళ్ల మైకేల్ గ్రిఫిత్‌ను 1986 డిసెంబర్‌లో హోవర్డ్ బీచ్‌లో తెల్ల యువకుల గుంపు తరిమితే, పారిపోతూ కారు కింద పడి చనిపోయాడు. హైతీ వలసదారు అబ్నర్ లూయిమాను 1997లో బ్రూక్లిన్ పోలీస్ స్టేషన్‌లో పోలీసులే చిత్రహింసలు పెట్టారు.

ఇప్పటి అంకెలు

ప్యూ పరిశోధనా కేంద్రం లెక్క ప్రకారం 2019లో అమెరికాలోని నల్లజాతి ప్రజల్లో పది మందిలో ఒకరు వలసదారు. మొత్తం 46 లక్షల మంది. వారిలో ఆఫ్రికా నుంచి వచ్చినవారి వాటా వేగంగా పెరుగుతోంది. అదే కేంద్రం 2015 నివేదికలో నల్లజాతి వలస కుటుంబాల మధ్యస్థ వార్షిక ఆదాయం 43,800 డాలర్లు, స్థానిక నల్లజాతి కుటుంబాలది 33,500, మొత్తం అమెరికన్లది 52,000 డాలర్లు. తేడా నిజమే. కానీ కుటుంబ ఆదాయం చూసేటప్పుడు ఇంట్లో ఎంతమంది సంపాదిస్తున్నారన్నది కూడా చూడాలి. కరీబియన్ స్త్రీలు ఆసుపత్రుల్లో, వృద్ధుల సంరక్షణలో పెద్ద సంఖ్యలో పనిచేస్తారు. డిగ్రీల విషయంలో వలసదారుల ఆధిక్యం చాలావరకు ఆఫ్రికన్లది, కరీబియన్లు స్థానికులకు దగ్గరగానే ఉన్నారు.

ఆదాయం వదిలి ఆస్తి చూస్తే దృశ్యం ఇంకోలా ఉంటుంది. బోస్టన్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ 2015లో ప్రచురించిన సర్వేలో ఆ మహానగర ప్రాంతపు తెల్ల కుటుంబాల మధ్యస్థ నికర ఆస్తి 2,47,500 డాలర్లు. కరీబియన్ నల్లజాతి కుటుంబాలది 12,000. స్థానిక నల్లజాతి కుటుంబాలది 8 డాలర్లు. ఎనిమిది వేలు కాదు, ఎనిమిది. సర్వే చిన్నది, ఒక్క నగరానిది అన్న జాగ్రత్తతోనే దీన్ని చదవాలి. అయినా ‘విజేతల’కూ ‘విఫలుల’కూ మధ్య దూరం ఎంత, ఆ ఇద్దరికీ తెల్లవారికీ మధ్య దూరం ఎంత అన్నది ఇక్కడ కంటికి కడుతుంది.

వాటా ఎవరిది?

పోలిక తప్పుగా వాడారన్నంత మాత్రాన రెండు సమూహాల మధ్య సమస్యే లేదనలేం. హార్వర్డ్‌లో చదువుతున్న నల్లజాతి విద్యార్థుల్లో మెజారిటీ వలసదారుల పిల్లలో, మిశ్రమ జాతి సంతానమో అయి ఉంటారని, తాతలు, అమ్మమ్మ, నానమ్మ నలుగురూ అమెరికాలోనే పుట్టిన నల్లజాతి కుటుంబాల పిల్లలు తక్కువేనని ఆచార్యులు లానీ గినియర్, హెన్రీ లూయిస్ గేట్స్ 2004లో బహిరంగంగా అన్నారు. గినియర్ తండ్రి కూడా పనామాలో జమైకన్ తల్లిదండ్రులకు పుట్టినవారే. డగ్లస్ మాసీ బృందం 2007లో లెక్కవేస్తే ఎంపిక చేసిన పేరున్న విద్యాసంస్థల నల్లజాతి విద్యార్థుల్లో 27 శాతం వలస కుటుంబాల వారు. ఆ వయసు నల్లజాతి యువతలో వాళ్ల వాటా అందులో సగమే. సంస్థలకు లెక్కలో నల్ల ముఖాలు కనిపిస్తే చాలు, ఎవరి బాకీ తీరుతోందన్నది పట్టదు.

ఇది చదువుతుంటే మన పాఠకులకు ఎస్సీ వర్గీకరణ గుర్తుకు రావచ్చు. పోలికకు తొందరపడకపోవడం మంచిది. అక్కడ ఒక సమూహం బయటి నుంచి వడపోతతో వచ్చింది. ఇక్కడ అన్ని కులాలూ ఇదే నేల మీద అంటరానితనాన్ని అనుభవించినవే.

నష్టపరిహారం విషయంలో ఈ ప్రశ్న మరింత పదునెక్కింది. కాలిఫోర్నియా రాష్ట్రం వేసిన కమిటీ 2022 మార్చిలో 5-4 ఓట్ల తేడాతో ఒక నిర్ణయం తీసుకుంది. 19వ శతాబ్దం ముగిసేలోగా అమెరికాలో ఉన్న నల్లజాతి వారి వారసులకే అర్హత, తర్వాత వచ్చినవాళ్లకు లేదు. దీన్ని చీలికగా చూసినవాళ్లు ఉన్నారు. అయితే లాస్ ఏంజిల్స్‌లో ఉంటున్న జమైకన్‌కు రావాల్సిన బాకీ లేదని కాదు, అది వేరే చిరునామాకు వెళ్లాల్సిన బాకీ. 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ బ్రిటన్ 2 కోట్ల పౌండ్లు పరిహారంగా కేటాయించింది. అది యజమానులకు అందింది, బానిసలకు పైసా దక్కలేదు. కరీబియన్ దేశాల కూటమి కారికామ్ 2014లో పది అంశాల ప్రణాళికతో ఆ లెక్క తేల్చమని యూరప్ దేశాలను అడిగింది. ఇప్పటికీ అడుగుతూనే ఉంది.