కంటి దగ్గరి గాజు కథ

2016 వేసవిలో అమ్మ విశాఖపట్నం నుంచి న్యూజెర్సీకి వచ్చినప్పుడు, శనిగ్రహం వలయాలు చూపిద్దామని సరదా పుట్టింది. "పిలిచి మరీ శనిని చూపిస్తావేంట్రా!" అంటూనే పెరట్లోకి వచ్చింది. పెట్టె మీద "675 రెట్లు" అని ఉంటే మోజుపడి కొన్న టెలిస్కోపు అది. 60 మిల్లీమీటర్ల అద్దం 120 రెట్లకే అలిసిపోతుందని అప్పటికి నాకు తెలియదు. కాసేపు అవస్థపడి, "ఏదో మసగ్గా కదుల్తోంది నాయనా" అని లోపలికెళ్ళిపోయింది. కాటరాక్ట్ ఆపరేషన్ అయిన కళ్ళు కదా అని సరిపెట్టుకున్నాను. దోషం ఐపీస్‌దని, అంటే మన ఫిజిక్సు పుస్తకాల్లో చదువుకున్న అక్షికటకానిదని, తర్వాత తెలిసింది.

దాని మీద "హెచ్" అనే అక్షరం ఉంది. హెచ్ అంటే హైగెన్స్! శని చుట్టూ ఉన్నది వలయమని 1659లో చెప్పిన ఆ డచ్చి పండితుడే 1660లలో రెండు కటకాలతో ఈ ఐపీస్ కూర్చాడు. ఆయన టెలిస్కోపులు మహా పొడుగు. పొడుగు గొట్టంలో కాంతి సన్నటి కిరణాలుగా వస్తుంది కనక ఐపీస్ లోపాలు బయటపడవు. మూడు వందల యాభై ఏళ్ళ తర్వాత అదే సరుకు నా పెట్టెలోకి వచ్చిందన్నమాట.

తర్వాత 1849లో కెల్నర్, 1860లో వియన్నాలో ప్లోసెల్ మెరుగైనవి చేశారు. మా విశాఖలో గోడే వెంకట జగ్గారావుగారి వేధశాల ఉన్న కాలమది. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని 6 అంగుళాల టెలిస్కోపుతో పరిశీలించారు. డాబా గార్డెన్స్ పక్కనే పెరిగిన అమ్మకి ఈ సంగతి అమెరికాలో నేను చెబితేగాని తెలియలేదు!

ఇక్కడ కథ మలుపు తిరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ డాబ్సన్ చవకగా పెద్ద అద్దాల టెలిస్కోపులు చేసి, 1968 నుంచి శిష్యులతో వీధుల్లో పెట్టి దారినపోయేవాళ్ళకి చంద్రుణ్ణి చూపించాడు. పెద్ద అద్దం, పొట్టి గొట్టం అయ్యేసరికి పాత ఐపీస్‌ల గుట్టు రట్టయింది. అపోలో వ్యోమగాముల శిక్షణ యంత్రాలకి దృశ్య పరికరాలు రూపొందించిన ఆల్ నాగ్లర్, 1977లో న్యూయార్క్ రాష్ట్రంలో టెలివ్యూ కంపెనీ పెట్టి, 1980ల తొలినాళ్ళలో 82 డిగ్రీల మేర కనిపించే ఐపీస్ తెచ్చాడు. కిటికీలోంచి చూస్తున్నట్టుంటుందంటారు. ధర చూస్తే మాత్రం మన కిటికీ మూసుకుంటుంది.

నేను తర్వాత కొన్నది 8 అంగుళాల డాబ్సోనియన్, నాభ్యంతరం 1200 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల ప్లోసెల్ పెడితే 48 రెట్లు. నక్షత్ర గుచ్ఛాలకి భేషుగ్గా ఉంది. 10 మిల్లీమీటర్లదైతే 120 రెట్లు. శనికి చాలు, కానీ కన్ను గాజుకి 7 మిల్లీమీటర్ల దగ్గరకి వెళ్ళాలి. కళ్ళజోడు అడ్డం. అమ్మకి సిలిండర్ పవరు, జోడు తీస్తే చుక్క గీతలా సాగుతుంది. అందుకే విశాలత కొంత వదులుకుని, 60 డిగ్రీల మేర, కన్ను 20 మిల్లీమీటర్ల ఎడంగా ఉన్నా చూడనిచ్చే 9 మిల్లీమీటర్ల మధ్యరకం ఐపీస్ తీసుకున్నాను. 133 రెట్లు. పెట్టె మీద రెట్ల సంఖ్య చూసి కొనేవాళ్ళు ఈ ఎడమెంతో ముందు అడగాలి.

2018లో అమ్మ మళ్ళీ వచ్చింది. జోడు తియ్యకుండానే వంగి చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. "చెవులకి కమ్మలు పెట్టుకున్నట్టుందిరా" అంది. పడుకోబోయే ముందు, శాలువా కప్పుకుని ఇంకోసారి పెరట్లోకొచ్చింది.