రోడ్డా, రైలా? భోర్ ఘాట్ మీదుగా ముంబై–పుణె ప్రయాణ చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• భోర్ ఘాట్‌లో రోడ్డు, రైలుమార్గం ఏ అవసరాల కోసం ఏర్పడ్డాయో వివరించగలుగుతారు.
• ఈ రెండింటి మధ్య ప్రయాణికుల ఎంపిక కాలక్రమంలో ఎలా మారిందో చెప్పగలుగుతారు.
• ఒక ప్రయాణ మార్గాన్ని చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

ముంబై నుంచి పుణె వెళ్లేవారు ముందుగా వేసుకొనే ప్రశ్న: కారులో వెళ్లాలా, రైల్లో వెళ్లాలా? వర్షాకాలంలో సహ్యాద్రి కొండలు పచ్చబడి, వాగులు జలపాతాలై దూకుతున్నప్పుడు ఈ ప్రశ్న మరీ ఎక్కువగా వినిపిస్తుంది. ప్రయాణికుడు సమయం, ఖర్చు, సౌకర్యం చూసుకొని నిర్ణయించుకొంటాడు. చరిత్ర విద్యార్థి మరో ప్రశ్న కూడా వేయాలి. ఈ రెండు దారులూ మన ముందుకు ఎలా వచ్చాయి? ఎవరి అవసరం కోసం, ఎవరి శ్రమతో వచ్చాయి?

ఈ ఘాట్ మనకు దూరమైనదేమీ కాదు. 1874లో వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం ఏర్పడడంతో హైదరాబాద్ రాజ్యం బొంబాయి రైలుమార్గంతో కలిసింది. నేటికీ హైదరాబాద్ నుంచి పుణె మీదుగా ముంబై వెళ్లే రైళ్లు ఈ ఘాట్ దిగవలసిందే.

2. ముందుగా రోడ్డు

కొంకణ తీరానికీ దక్కన్ పీఠభూమికీ మధ్య సహ్యాద్రి పర్వతాలు గోడలా నిలిచి ఉన్నాయి. వాటిని దాటే కనుమల్లో భోర్ ఘాట్ ఒకటి. ఘాట్ పైభాగాన ఉన్న లోనావలాకు సమీపంలోని కార్లా బౌద్ధ గుహల్లో శాతవాహనుల కాలపు శాసనాలు, వర్తకుల దానాల ప్రస్తావనలు ఉన్నాయి. తీరానికీ పీఠభూమికీ మధ్య వర్తకం ఎంత పాతదో ఇవి తెలుపుతున్నాయి.

1818లో పీష్వా పాలన అంతమై పుణె ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. బొంబాయి రేవు నుంచి దక్కన్‌కు సైన్యాన్ని, సామగ్రిని, తపాలాను పంపడం కంపెనీకి అవసరమైంది. 1830లో గవర్నర్ జాన్ మాల్కం హయాంలో చక్రాల బండ్లు ఎక్కగల రోడ్డును ఈ ఘాట్‌లో ప్రారంభించారు. అయినా ఎడ్లబండి మీద పత్తి బేళ్లు రేవుకు చేరడానికి చాలా రోజులు పట్టేది. వానలకు సరుకు పాడయ్యేది.

3. రైలుమార్గ నిర్మాణం

1853 ఏప్రిల్ 16న బొంబాయి–ఠాణే మధ్య గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే తొలి ప్రయాణికుల రైలును నడిపింది. అదే ఏడాది గవర్నర్ జనరల్ డల్హౌసీ తన రైల్వే నివేదికలో సైనిక అవసరాలను, పత్తి ఎగుమతిని నొక్కిచెప్పాడు. కంపెనీల పెట్టుబడికి 5 శాతం రాబడిని ప్రభుత్వం హామీ ఇచ్చింది. రాబడి తగ్గితే లోటును భారతీయులు కట్టే పన్నుల నుంచి పూడ్చారు.

1856 నాటికి రైలు ఘాట్ అడుగున ఉన్న ఖోపోలీకి చేరింది. 1858లో ఘాట్ పైనున్న ఖండాలా నుంచి పుణెకు రైలు నడిచింది. ఈ రెంటికీ మధ్య ఉన్న కొండను మాత్రం 1863 వరకు పల్లకీల్లో, గుర్రాల మీద, బండ్లలో దాటవలసి వచ్చింది. అంటే ఆ ఐదేళ్లు ప్రయాణికుడికి ‘రోడ్డా, రైలా’ అన్న ప్రశ్నే లేదు. రెండూ ఎక్కవలసిందే.

ఇంజనీరు జేమ్స్ బర్క్‌లీ రూపొందించిన ఘాట్ మార్గం సుమారు 25 కిలోమీటర్ల పొడవున 550 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతుంది. ఇందుకోసం 25 సొరంగాలు తవ్వారు. అత్యంత నిటారుగా ఉన్నచోట ప్రతి 37 మీటర్లకు ఒక మీటరు ఎక్కాలి. ఒకచోట మలుపు తిప్పడానికి స్థలం చాలక రైలు ఆగి, ఇంజన్‌ను రెండో చివరకు మార్చుకొని, దిశ మార్చి ఎక్కే స్టేషన్‌ను ఏర్పాటు చేశారు.

ఈ నిర్మాణానికి అసలు మూల్యం చెల్లించినవారు కూలీలు. 1861 ఆరంభంలో 40 వేల మందికి పైగా ఇక్కడ పనిచేశారు. నిలువు రాతిగోడల మీద తాళ్లకు వేలాడుతూ మందుగుండు పెట్టడానికి రంధ్రాలు తొలిచారు. ప్రమాదాలు, కలరా వేలాది మందిని బలిగొన్నాయి. కూలి సక్రమంగా అందక 1859 జనవరిలో తిరగబడ్డారు. అదే ఏడాది తొలి కాంట్రాక్టరు ఫావియెల్ పని వదులుకొన్నాడు. అతని తరవాత వచ్చిన సాలమన్ ట్రెడ్‌వెల్ కొద్ది కాలానికే మరణించగా, అతని భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ కాంట్రాక్టును నిలబెట్టింది. ఈ పేర్లన్నీ చరిత్రలో నిలిచాయి. కొండను తొలిచినవారి పేర్లు నిలవలేదు.

4. మారుతూ వచ్చిన ఎంపిక

1863 తరవాత వేగంలో రోడ్డు రైలుకు సాటి రాలేదు. 1929లో కొత్త మలుపు మార్గం వేసి, దిశ మార్చే స్టేషన్‌ను తొలగించారు. విద్యుదీకరణ జరిగింది. 1930 జూన్ 1న ప్రారంభమైన ‘దక్కన్ క్వీన్’ ఈ రెండు నగరాల మధ్య రాకపోకల అలవాటునే మార్చింది.

ఇరవయ్యో శతాబ్ది చివరికి సొంత కార్లు, లారీలు పెరిగాయి. 2002లో పూర్తయిన సుమారు 94 కిలోమీటర్ల ఆరు వరసల ఎక్స్‌ప్రెస్‌వేతో రోడ్డు మళ్లీ ముందుకు వచ్చింది. ఇంటి గుమ్మం నుంచి బయలుదేరడం, కార్లా వంటిచోట ఆగడం కారులోనే వీలు. అయితే వేగం కోసం వేసిన రోడ్డు మీద, అందులోనూ పొగమంచులో, నడిపేవారి చూపు ముందున్న లారీ మీదే ఉండాలి.

రైల్లో అందరికీ కిటికీ ఉంటుంది. కర్జత్‌లో వెనక అదనపు ఇంజన్లు తగిలించి రైలును పైకి నెట్టడం, ఒక సొరంగం దాటగానే లోయ, వెంటనే మరో సొరంగం రావడం ఘాట్ నిర్మాణాన్ని కళ్లకు కడతాయి. 2021లో ఈ మార్గంలో పెద్ద అద్దాల ‘విస్టాడోమ్’ పెట్టెలు వచ్చాయి. పత్తి కోసం, సైన్యం కోసం వేసిన దారిలో నేడు దృశ్యానికే టికెట్ అమ్ముతున్నారు.

5. సారాంశం

భోర్ ఘాట్‌లో రోడ్డు గెలిచిందా, రైలు గెలిచిందా అన్నది ఏ కాలంలోనూ యంత్రం ఒక్కటే నిర్ణయించలేదు. సైనిక అవసరం, పత్తి వ్యాపారం, పట్టణాల పెరుగుదల, సొంత వాహనాల వ్యాప్తి ఆయా కాలాల్లో నిర్ణయించాయి. సమయం మన చేతిలో ఉండాలంటే కారు మేలు. ఘాట్‌ను చూడడమే ఉద్దేశమైతే రైలు మేలు. ఏది ఎక్కినా, కిటికీలోంచి కనిపించేది ప్రకృతి ఒక్కటే కాదు. ఆ రాతి మీద ఉలి దెబ్బలు కూడా మనం చూడవలసిన దృశ్యంలో భాగమే.

6. మాదిరి ప్రశ్నలు

1. భోర్ ఘాట్ రైలుమార్గ నిర్మాణానికి దారితీసిన ఆర్థిక, సైనిక కారణాలను వివరించండి.
2. 1858–63 మధ్య ముంబై–పుణె ప్రయాణం ఎలా సాగేది?
3. విశాఖపట్నం–అరకు మధ్య ఘాట్ రోడ్డును, ఇనుప ఖనిజ రవాణా కోసం వేసిన రైలుమార్గాన్ని ఇదే పద్ధతిలో పోల్చి ఒక పుట రాయండి.