నిలువు గోడ మీది ఎండ

మన ఇళ్ళల్లో సంక్రాంతి రోజుల్లో దక్షిణపు వసారాలోకి ఎండ బారెడు లోపలికి వచ్చి కూర్చుంటుంది. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం ఆ ఎండే గడప తొక్కదు. వడియాలు ఏ నెలలో ఎక్కడ ఆరబెట్టాలో తెలిసిన ఇల్లాలికి ఈ సంగతి కొత్త కాదు. చలికాలం సూర్యుడు కిందుగా నడుస్తాడు, ఎండాకాలం నడినెత్తికెక్కుతాడు. ఈ చిన్న సంగతినే నమ్ముకుని ముగ్గురు ఆడవాళ్ళు ఒక ఇల్లు కట్టించారంటే నమ్ముతారా?

అది 1948. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, డోవర్ అనే ఊరు. లెక్కలు వేసింది మారియా టెల్కెస్, హంగరీ నుంచి వలస వెళ్ళిన శాస్త్రజ్ఞురాలు. ప్లాను గీసింది ఎలినార్ రేమండ్. డబ్బు పెట్టింది అమీలియా పీబాడీ అనే శిల్పి. మంచు కురిసే ఆ దేశంలో కేవలం ఎండతోనే ఇల్లు వెచ్చగా ఉంచాలని వాళ్ళ పట్టుదల.

అద్దాలను కప్పు మీద పరవలేదు వాళ్ళు. పై అంతస్తులో దక్షిణపు గోడ పొడుగునా నిలువుగా నిలబెట్టారు. ఎందుకంటారా? ఆ ఊళ్ళో డిసెంబరు నడి పగలు కూడా సూర్యుడు 24 డిగ్రీల ఎత్తుకే లేస్తాడు. దాదాపు ఎదురుగా నిలబడ్డట్టే! సూర్యుడికి సూటిగా తిప్పి పెట్టిన అద్దం పట్టే ఎండలో, నిలువు అద్దానికి నూటికి 91 పాళ్ళు దక్కుతుంది. జూన్‌లో సూర్యుడు 71 డిగ్రీలకెక్కితే దానికి దక్కేది 32 పాళ్ళే. అప్పుడు వేడి ఎవరిక్కావాలి లెండి! పైగా నిలువు అద్దం మీద మంచు పేరుకోదు.

అద్దాల వెనక రేకు ఎండకు కాగి గాలిని వేడెక్కించేది. ఆ గాలిని ఫ్యాన్లు గ్లాబర్ ఉప్పు నింపిన డబ్బాల దగ్గరికి తోసేవి. 32 డిగ్రీల దగ్గర కరిగే ఆ ఉప్పు పగలు వేడిని దాచుకుని, రాత్రి గడ్డకడుతూ తిరిగి ఇచ్చేది. టెల్కెస్ బంధువుల కుటుంబమే అందులో కాపురం పెట్టింది.

కథ సుఖాంతం కాలేదు. కొన్నేళ్ళకే ఉప్పు పొరలు పొరలుగా విడిపోయి, వేడిని దాచడం మానేసింది. చివరికి మామూలు హీటరు పెట్టుకోక తప్పలేదు. కానీ తప్పు ఉప్పుది, గోడ నిలబడ్డ తీరుది కాదు. టెల్కెస్ కూడా పని మానలేదు. లోకం ఆమెను ‘సూర్యరాణి’ అంది. 1995లో, 94 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

ఇప్పుడు మన డాబాల మీదికి సోలార్ పలకలు వచ్చాయి. వాటికీ అదే లెక్క, కాకపోతే ఊరు వేరు. హైదరాబాదులో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. జూన్‌లోనైతే నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఒరుగుతాడు. డోవర్ గోడను తెచ్చి ఇక్కడ నిలబెడితే, ఆ మధ్యాహ్నం దాని మీద నేరుగా ఎండే పడదు! అందుకే ఇక్కడ పలకలను దక్షిణం వైపు 15, 20 డిగ్రీలు వాల్చి పెడతారు. ఏ ఒక్క కాలానికీ పూర్తి న్యాయం జరగకపోయినా, ఏడాది మొత్తం మీద అది మంచి బేరమే.

పలకలు బిగించే కుర్రాడు వచ్చినప్పుడు “వాలు ఎంత పెడుతున్నావు నాయనా?” అని ఓ మాట అడగండి. మన వసారాకు ఎప్పట్నించో తెలిసిన లెక్కే అది.