డెబియన్‌లో మెయిల్ సాఫ్టువేరు ఐచ్ఛిక ఆధారాలు

డెబియన్ లినక్స్‌లో ఒక ప్యాకేజీ పనిచేయటానికి మరొక ప్యాకేజీ అవసరమైతే ఆ సంబంధాన్ని ఆధారం అంటారు. రెండవది లేకపోయినా మొదటిది పనిచేయగలిగితే అది ఐచ్ఛిక ఆధారం. క్రాన్, ఎండీఏడీఎం, అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ వంటి పలు వ్యవస్థా ప్యాకేజీలకు మెయిల్ పంపే సాఫ్టువేరు ఇటువంటి ఐచ్ఛిక ఆధారం. అది లేని కంప్యూటరులో కూడా ఈ ప్యాకేజీలు తమ పని తాము చేసుకుపోతాయి. అయితే ఆ పనిలో ఏదైనా లోపం వచ్చినపుడు ఆ సంగతి నిర్వాహకునికి చేరే ముఖ్యమైన దారి మూసుకుపోతుంది.

నేపథ్యం

తెర ముందు మనిషి లేకుండా నడిచే ప్రోగ్రాములు తాము చెప్పదలచినది మెయిల్ ద్వారా చెప్పటం యునిక్స్‌లో పాత సంప్రదాయం. ఈ మెయిల్ ఇంటర్నెట్ మీదుగా పోనవసరం లేదు, అదే కంప్యూటరులోని రూట్ ఖాతా పెట్టెలో పడినా చాలు. ఎరిక్ ఆల్మన్ బర్కిలీలో రాసిన సెండ్‌మెయిల్ 1980లలో బీఎస్‌డీ యునిక్స్‌తో పాటు వ్యాపించింది. మెయిల్ పంపదలచిన ప్రతి ప్రోగ్రామూ సెండ్‌మెయిల్ అనే ఆదేశాన్ని పిలవటం అలవాటయింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఫిలిప్ హేజెల్ 1995లో మొదలుపెట్టిన ఎగ్జిమ్, ఐబీఎంలో వీట్సా వెనెమా రాయగా 1998లో విడుదలైన పోస్ట్‌ఫిక్స్ కూడా అదే పేరుతో ఒక ఆదేశాన్ని అందిస్తాయి. అందువలన సెండ్‌మెయిల్ వాడని కంప్యూటరులో సైతం ఆ పేరుగల ఆదేశం కనిపిస్తుంది.

ఆధారాల స్థాయులు

ప్యాకేజీ వివరాలలో ఆధారాలను ప్రధానంగా మూడు స్థాయులలో రాస్తారు. "డిపెండ్స్" తప్పనిసరి. "రెకమెండ్స్" గట్టి సిఫారసు, అంటే అసాధారణ పరిస్థితులలో తప్ప రెండు ప్యాకేజీలూ కలిసే ఉండాలని ప్యాకేజీ నిర్వహించేవారి అభిప్రాయం. "సజెస్ట్స్" సూచన మాత్రమే. 2009 ఫిబ్రవరిలో విడుదలైన డెబియన్ 5.0 (లెన్నీ) నుండి ఏపీటీ సిఫారసు చేసిన ప్యాకేజీలను కూడా తనంతట తానే స్థాపిస్తున్నది; సూచనల జోలికి పోదు. కనుక మెయిల్ సాఫ్టువేరును ఏ స్థాయిలో రాశారన్నది చిన్న విషయం కాదు. ఎండీఏడీఎం దానిని సిఫారసుగా పేర్కొంటుంది కాబట్టి అడగకుండానే వస్తుంది. అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ సూచనగా పేర్కొంటుంది కాబట్టి నిర్వాహకుడు కోరితే తప్ప రాదు. డిస్కులో చోటు మిగల్చటానికి సిఫారసులను మొత్తంగా నిలిపివేసేవారూ ఉన్నారు. కంటైనర్ల తయారీలో ఇది మామూలు.

నామమాత్రపు ప్యాకేజీలు

మెయిల్ పంపే సాఫ్టువేర్లు అనేకం ఉన్నందున వాటిలో ఒకదానిని పేరు పెట్టి కోరటం ఉచితం కాదు. ఇందుకు డెబియన్‌లో "మెయిల్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెంట్" అనే నామమాత్రపు ప్యాకేజీ ఉంది. దానిలో ఫైళ్ళేమీ ఉండవు. ఎగ్జిమ్, పోస్ట్‌ఫిక్స్, సెండ్‌మెయిల్ తదితరాలు తాము ఆ పేరును "అందిస్తున్నట్లు", అదే పేరుతో "విభేదిస్తున్నట్లు" ప్రకటిస్తాయి. ఏ ప్యాకేజీ కూడా తనతో తాను విభేదించదు కనుక, ఈ ప్రకటన వలన ఒక సమయంలో ఒక్క మెయిల్ సాఫ్టువేరు మాత్రమే ఉండగలదు. పోస్ట్‌ఫిక్స్ స్థాపిస్తే ఎగ్జిమ్ తొలగిపోతుంది. కొత్తవారిని కంగారు పెట్టే ఈ ప్రవర్తన నిజానికి ఉద్దేశపూర్వకమైనది.

నామమాత్రపు పేరు ఒక్కటే రాస్తే అనేకమందిలో ఎవరిని తేవాలో ఏపీటీకి స్పష్టంగా తెలియదు. అందుకని పూర్వం చాలా ప్యాకేజీలు "ఎగ్జిమ్ లేదా మెయిల్ ట్రాన్స్‌పోర్ట్ ఏజెంట్" అని రాసేవి. పంపిణీ తన ఎంపిక మార్చుకోవాలంటే అవన్నీ మార్చాలి. ఇప్పుడు ఎగ్జిమ్ స్థానంలో "డిఫాల్ట్ ఎంటీఏ" అనే మరొక నామమాత్రపు పేరు రాస్తున్నారు. ఆ పేరును డెబియన్‌లో ఎగ్జిమ్, ఉబుంటులో పోస్ట్‌ఫిక్స్ అందిస్తాయి.

మెయిల్ సాఫ్టువేరు లేనపుడు

క్రాన్ తాను నడిపిన పని ఏదైనా అచ్చువేస్తే దానిని మెయిల్ చేస్తుంది. పంపే సాఫ్టువేరు లేకపోతే, అది లేనందున ఫలితాన్ని పారవేస్తున్నట్లు వ్యవస్థ లాగులో ఒక వాక్యం రాసి ఊరుకుంటుంది. పారవేసిన సంగతి నమోదవుతుంది గాని, పారవేసినది ఏమిటో నమోదు కాదు. రాత్రి వేళ నడిచే బ్యాకప్ స్క్రిప్టు నెలల తరబడి విఫలమవుతున్నా, బ్యాకప్ అవసరమైన రోజు వరకు ఆ సంగతి బయటపడకపోవచ్చు.

ఎండీఏడీఎం విషయం ఇంకా తీవ్రమైనది. రెండు డిస్కులలో ఒకే సమాచారాన్ని ఉంచే రెయిడ్ 1 అమరికలో ఒక డిస్కు చెడిపోయినా ఫైళ్ళు యథావిధిగా తెరుచుకుంటాయి. వాడుకరికి తేడా తెలియదు, తెలియకపోవటమే ఆ అమరిక గొప్పతనం. చెడిన డిస్కును మార్చమని చెప్పవలసింది ఎండీఏడీఎం పంపే మెయిలే. అది అందకపోతే రెండవ డిస్కు కూడా చెడేవరకు కాలం గడుస్తుంది.

మెయిల్ సాఫ్టువేరు ఉన్నంత మాత్రాన హెచ్చరిక చేరినట్లు కాదు. డెబియన్‌లో ఎగ్జిమ్ అప్రమేయంగా స్థానిక బట్వాడా మాత్రమే చేస్తుంది, బయటికి పంపదు. ఎవరూ తెరవని పెట్టెలో ఉత్తరాలు పేరుకుపోతుంటాయి. రూట్‌కు వచ్చే మెయిల్‌ను ఎవరికి మళ్ళించాలో ఎలియాసెస్ ఫైలులో రాయటం, బయటి చిరునామా అయితే ఏ సర్వరు ద్వారా పంపాలో చెప్పటం నిర్వాహకుని బాధ్యత.

తేలిక సాఫ్టువేర్లు

మెయిల్ స్వీకరించవలసిన పనిలేని కంప్యూటరుకు పూర్తిస్థాయి సర్వరు అక్కరలేదు. నల్‌మెయిలర్ మెయిల్‌ను వరుసలో ఉంచి వేరొక సర్వరుకు అప్పగిస్తుంది. ఎంఎస్ఎంటీపీ కూడా అప్పగిస్తుంది గాని వరుసలో దాచదు. ఆ క్షణంలో నెట్‌వర్కు లేకపోతే ప్రయత్నం విఫలమవుతుంది. డ్రాగన్‌ఫ్లై బీఎస్‌డీ నుండి వచ్చిన డీఎంఏ స్థానిక బట్వాడా కూడా చేయగలదు. హెచ్చరికల కోసమే అయితే వరుసలో దాచేదానిని ఎంచుకోవటం మేలు, ఎందుకంటే నెట్‌వర్కు తెగిపోవటం కూడా హెచ్చరించవలసిన విషయమే.

ఇతర పంపిణీలు

ఫెడోరా 2013 డిసెంబరులో విడుదలైన 20వ సంచిక నుండి సెండ్‌మెయిల్‌ను అప్రమేయంగా స్థాపించటం మానింది. అక్కడ మెయిల్ సాఫ్టువేర్లు ఒకదానినొకటి తొలగించవు. "ఆల్టర్నేటివ్స్" అనే ఏర్పాటు ద్వారా సెండ్‌మెయిల్ ఆదేశం వాటిలో దేనికి చెందాలో నిర్వాహకుడు నిర్ణయిస్తాడు. ఆర్‌పీఎంలో సిఫారసు, సూచన వంటి బలహీన ఆధారాలు 2014లో వచ్చిన 4.12 కూర్పుతో చేరాయి.