చెయ్యి కిందికి, కార్డు పైకి

తమ్ముడి చెయ్యి వదలకండి. అలాగని గట్టిగానూ పట్టుకోవద్దు.

ఆదివారం పొద్దున పదకొండు గంటలు. ఆబిడ్స్‌లో షట్టర్లు దించిన షాపుల ముందు, ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరిచి ఉన్నాయి. ఇంజినీరింగ్ గైడ్లు, అట్టలూడిన నవలలు, పురికొసతో కట్టిన పత్రికల కట్టలు. మీ పక్కన నడుస్తున్న కుర్రాడికి పదహారేళ్లు. మీకంటే జానెడు ఎత్తు. నూనూగు మీసాలొచ్చాయి గానీ మాటలు నాలుగైదుకు మించి రాలేదు. ఆటిజం. ఒక పత్రిక తీసి వాసన చూడటం, కార్ల బొమ్మలుంటే కొనుక్కోవడం, నడిచి ఇంటికి పోవడం. వాడి ఆదివారం అంతే. అందులో ఏ ఒక్కటి తేడా వచ్చినా వాడు తట్టుకోలేడు.

ఆ చెయ్యి ఒకసారి చూడండి. బొటనవేలి మొదట్లో చర్మం మొద్దుబారి, గోధుమరంగులో కాయ కాసింది. కొరుక్కునేది అక్కడే.

"ఆగయే సాబ్!" అంటాడు పుస్తకాలాయన వాణ్ని చూసి. తర్వాత మీతో, "గాడీల పుస్తకం తీసి పెట్టిన అక్కా."

వాడు గొంతుక్కూర్చుని పేజీలు తిప్పుతాడు. ముక్కు దగ్గర పెట్టుకుని నవ్వుతాడు. మీరు రెండొందల నోటిస్తారు. చిల్లర కోసం ఆయన నాలుగు దుకాణాల అవతలికి వెళ్తాడు.

అప్పుడొస్తుంది బుల్లెట్టు. సైలెన్సర్ మార్పించిన బండి. సరిగ్గా మీ వెనకే ఆగుతుంది. ఆగినా బండి మీదున్నవాడు ఊరుకోడు, నిలబడి రేజ్ చేస్తూనే ఉంటాడు.

తమ్ముడి చెయ్యి పేజీ మీదే ఆగిపోయింది. భుజాలు చెవులదాకా లేచాయి. గొంతులో సన్నగా "మ్‌మ్‌మ్" మొదలైంది.

మీకు అర నిమిషం టైముంది. ఈ మూలుగు తర్వాతే కొరకడం వస్తుందని మీకు తెలుసు. ఫ్రిజ్ మీద పెట్టుకున్న నోటుబుక్కు ఆ సంగతి చెప్పింది. అందులో మూడు గళ్లు. ముందు ఏం జరిగింది? వాడేం చేశాడు? తర్వాత మనమేం చేశాం? అమ్మ, నాన్న, మీరు రాస్తారు. నానమ్మ చెబితే ఎవరో ఒకరు రాస్తారు. నెల తిరిగేసరికి మొదటి గడిలో ఒకే మాట మళ్లీ మళ్లీ కనబడింది: చప్పుడు. మూడో గడిలో కూడా ఎక్కువసార్లు ఒకటే: అక్కణ్నుంచి తీసుకొచ్చేశాం. అంటే కొరుక్కోవడం వాడి మొండితనం కాదు. "ఇక్కడ ఉండలేను, పోదాం పదండి" అని చెప్పడానికి వాడికి దొరికిన ఒకే ఒక్క దారి. ఆ దారి బాగా పనిచేస్తోంది కూడా. చిక్కంతా అక్కడే ఉంది.

వాడి ప్యాంటు లూపుకి, కీచైన్‌కి వేలాడుతూ, లామినేషన్ చేసిన చిన్న కార్డుంది. తెరిచిన అరచెయ్యి బొమ్మ, దాని కింద 'చాలు'. ఏమీ మాట్లాడకుండా వాడి వేలు తీసి దాని మీద ఆనించండి. వాడు టకటకా రెండుసార్లు కొడతాడు.

"చాలు. వెళ్దాం."

చిల్లర ఇంకా రాలేదు. నూట అరవై రూపాయలు. ఒక్క నిమిషం ఆగితే చేతికొస్తాయి. ఆగుతారా?

ఆగకండి. కార్డు కొడితే పని జరగాలి. ఇవాళ జరగకపోతే, కార్డుకన్నా కొరకడమే నయమని వాడికి తేలిపోతుంది. పుస్తకాలాయన దూరం నుంచే చెయ్యి ఊపుతాడు. "పో అక్కా, వచ్చే ఐతారం ఇస్త!" ఆయన పుస్తకాల వరస చివర, ఇటుకరాయి కింద కూడా ఇలాంటి కార్డే ఒకటుంది. మీరిచ్చిందే. ఇదివరకు వాడు ఏడిస్తే పత్రిక ఊరికే ఇచ్చేసేవాడాయన. జాలిగుండె. కాకపోతే ఏడిస్తే పత్రిక వస్తుందని వాడికి నేర్పింది ఆ జాలే.

గన్‌ఫౌండ్రీ వైపు నడవండి. ఫ్రెంచి జనరల్ రేమండ్ 1786లో ఇక్కడ ఫిరంగులు పోతపోయించాడు. మిగిలిన ఆ శిథిలాన్ని తోప్ కా సాంచా అంటారు. అప్పుడెంత మోత ఉండేదో గానీ, స్టేట్ బ్యాంకు ముందు ఈ హారన్లు వింటే ఫిరంగులే నయమనిపిస్తుంది.

ఇక రోడ్డు దాటాలి. ఆదివారం కదా, రద్దీ తక్కువ, వేగం ఎక్కువ. ఎర్ర లైటు పడింది. బండ్లు ఆగాయి. దిగారు. సగం దాటారు.

వెనకాల అంబులెన్సు. సైరన్. ఆగిన బండ్లన్నీ ఒక్కసారిగా హారన్లు.

వాడు కూలబడ్డాడు. రోడ్డు మధ్యలో.

పన్ను దిగింది.

సిగ్నల్ మీద అంకె ఇరవై. పంతొమ్మిది.

లాగకండి. లాగితే బిగుసుకుంటాడు. మీరు మొయ్యలేరు.

అరవకండి. మీ గొంతూ చప్పుడే.

బండ్లకీ వాడికీ మధ్య నిలబడండి. చెయ్యెత్తండి. మెడలో ఉన్న హెడ్‌ఫోన్లు వాడి చెవుల మీదికి నెట్టండి.

పన్నెండు.

"ఫిట్సా? తాళంచెవులియ్యుండ్రి చేతిల!"

"గా ఫోనియ్యరాదు, ఊకుంటడు!"

ఒకాయన తన ఫోనే చాపుతున్నాడు. పాట మోగుతోంది. తమ్ముడి కళ్లు అటు తిరిగాయి. ఇస్తే లేస్తాడేమో. తీసుకోవాలా? ప్రాణం మీదికొస్తే తీసుకోండి. నోటుబుక్కు సంగతి తర్వాత.

ఆరు.

కానిస్టేబుల్ పరిగెత్తుకొస్తున్నాడు. విజిల్ నోట్లోకి పోతోంది.

"సార్, విజిల్ వద్దు!"

అతను ఆగాడు. మిమ్మల్ని వింతగా చూశాడు. విజిల్ దించేశాడు. రెండు చేతులూ బార్లా చాపి బండ్లకు అడ్డంగా నిలబడ్డాడు.

ఇప్పుడు ప్రాణభయం లేదు. ఫోనక్కర్లేదు. "వద్దన్నా."

వాడి ఎదురుగా కూర్చోండి. ఇంట్లో అనే మాటలే. అదే గొంతు.

"చెయ్యి కిందికి. కార్డు పైకి."

మళ్లీ అనకండి. ఆగండి. ఎవరో వీడియో తీస్తున్నారు. తీసుకోనివ్వండి.

పళ్లు వదిలాయి. కాయ పక్కన ఎర్రగా రెండు గాట్లు, చుట్టూ ఉమ్ము తడి. ఆ చెయ్యే మెల్లగా నడుం దాకా జారింది. కార్డు తాకింది.

"చాలు. వెళ్దాం."

లేచాడు.

ఫుట్‌పాత్ ఎక్కాక కానిస్టేబుల్ దగ్గరికొస్తాడు. "పిలగానికి ఏం తక్లీఫ్?" మీరు వాడి వైకల్య గుర్తింపు కార్డు, యూడీఐడీ, తీసి చూపిస్తారు. 1995 నాటి చట్టం లెక్కలో ఏడు వైకల్యాలే ఉండేవి, ఆటిజం లేదు. 2016 చట్టంతో అవి 21 అయ్యాయి, ఇదీ చేరింది. అతను కార్డు చదివి తిరిగిస్తాడు. "విజిలంటే భయమా?" అని అడుగుతాడు. ఇంతమందిలో పనికొచ్చే ప్రశ్న అడిగింది అతనొక్కడే. "భయం కాదు సార్, ఆ చప్పుడు వాడికి దెబ్బలా తగుల్తది."

ఇంటి గుమ్మంలో నానమ్మ. చేతిలో ఫోను సిద్ధంగా ఉంది. వాడి చెయ్యి చూసి, జరిగింది విని మీ మీద విరుచుకుపడుతుంది. "నడిరోడ్డు మీద పిలగాడు కొరుక్కుంటుంటే ఫోనియ్యనియ్యలేదా? ఏం గుండెనే నీది!"

కోప్పడకండి. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో మీ ముందు పెట్టిన కాగితం గుర్తు చేసుకోండి. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ అక్కడుంది. అప్పట్లో ఎన్‌ఐఎంహెచ్ అనేవారు, ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ కలిసి మన దేశపు పిల్లల కోసం 1992లో తెచ్చిన కొలమానం ఆ కాగితం. రెండో భాగంలో ఇబ్బంది పెట్టే ప్రవర్తనలు 75, పది గుంపులు. ఒక్కోదానికి మార్కులు: ఎప్పుడూ చేయకపోతే సున్నా, అప్పుడప్పుడైతే ఒకటి, తరచుగా అయితే రెండు. చెయ్యి కొరుక్కోవడం దగ్గరికొచ్చేసరికి అమ్మ రెండంది. నానమ్మ సున్నా అంది. ఇద్దరూ నిజమే చెప్పారు. నానమ్మ దగ్గర వాడికి కొరికే అవసరమే రాదు, వాడు మూలగ్గానే ఫోనొచ్చేస్తుంది. నాన్న అరుస్తాడు. స్కూల్లో శిక్ష అనుకుని వరండాలో కూర్చోబెడతారు. చప్పుడు లేని వరండా, వాడికి కావలసింది అదే! ఒక్క పిల్లాడికి నాలుగు చోట్ల నాలుగు రాజ్యాంగాలు.

ఎప్పుడో ఒకసారి ఫోనిస్తే ఏం పోయిందని మీకూ అనిపిస్తుంది. పోయేది అక్కడే. లాటరీ టికెట్లు కొనేవాడు మానలేకపోయేది ఎప్పుడో ఒకసారి తగిలినందుకే. పైగా ఇవ్వడం మానేసిన కొత్తలో కొరకడం తగ్గకపోగా పెరగొచ్చు కూడా. ఇళ్లు చేతులెత్తేసేది ఆ రోజుల్లోనే.

"గా అట్టముక్కతోని అయితదా?" నానమ్మ అడుగుతుంది. అమెరికాలో కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లోనే చూపించారు: పిల్లలు ఏం కావాలని ఆ పని చేస్తున్నారో కనిపెట్టి, దాన్నే అడిగే తీరు నేర్పిస్తే ఆ పని తగ్గుతుందని. కానీ నానమ్మకు అమెరికా కబుర్లు అక్కర్లేదు.

"ఫోనే ఇవ్వొద్దంటలేను నానమ్మా. కొరికినందుకు ఇవ్వకు. రాత్రి అన్నం తిన్నంక నీ చేతులతోనే ఇయ్యి."

"ఎంతసేపు?"

"అరగంట."

"ముప్పావు గంట."

ఒప్పుకోండి.

సోమవారం పొద్దున ఎనిమిది. స్కూలు ఆటో వచ్చింది, అప్పటికే అందులో ముగ్గురు పిల్లలున్నారు. మీ చేతిలో కొత్త కార్డు. "అన్నా, దీన్ని వాడికందేటట్టు కట్టు."

"ఇది కొడితే ఏం జెయ్యాలె?"

"పక్కకాపి ఇంజిన్ బంద్ చెయ్యి. రెండు నిమిషాలు."

"నాంపల్లి స్టేషన్ ముంగట కొడితే? ఎనక బస్సుంటదమ్మా."

ఆ మాటా నిజమే. ఆగలేని చోట్లు ఉంటాయి. కార్డు కొట్టాక వాణ్ని మాటలతో ఆపగలిగేది ఎంతసేపో అందరూ ముందే ఒక మాట మీదికి రావాలి. "అప్పుడు 'సిగ్నల్ తర్వాత' అను. సిగ్నల్ దాటంగనే ఆపు. అన్నవంటే మాత్రం ఆపాలె. స్కూలోళ్లతోని నేను మాట్లాడుత."

అతను సీటు వెనక రాడ్డుకి కార్డు కట్టాడు. తమ్ముడు ఎక్కి కూర్చున్నాడు. బండి నాలుగు గజాలు కదిలిందో లేదో, టకటకా.

డ్రైవరు తల బయటికి పెట్టాడు. "ఊకెనే కొడుతుండమ్మా, చప్పుడేం లేదు."

"ఊకెనే కొట్టినా ఆపాలన్నా. ఆపుతవో లేదో చూస్తుండు."

ఇంజిన్ ఆగింది. తమ్ముడు ఇంజిన్ వైపు, డ్రైవరు వైపు మార్చి మార్చి చూశాడు. ఇంతలో పక్కనున్న పిల్ల వంగి, తనూ ఒక దెబ్బ వేసింది.

"మరి ఈ పాపకు గూడ ఆపాల్నా?" అంటాడు డ్రైవరు.