ఖేడు మన్ను – మంజీర నీరు



మన నారాయణఖేడ్ ప్రాంతపు పటాన్ని ఒకసారి ముందు పెట్టుకొని చూడండి. మంజీర నది దక్షిణపు అంచున తూర్పుగా పారి సింగూరు చేరుతుంది. సంగారెడ్డి దగ్గర ఉత్తరానికి మళ్లుతుంది. మెదకు దగ్గర నుండి వాయవ్యంగా నిజాంసాగరుకు పోతుంది. అంటే ఖేడు గడ్డను నది మూడు వైపుల చుట్టి పోతున్నదన్నమాట. అయినా ఈ గడ్డ చాలావరకు మెట్టగానే ఉండిపోయినది. కారణం మీకు తెలియనిది కాదు. నది పల్లాన ఉన్నది, చేలు మిట్టన ఉన్నవి. నీరు మన దగ్గరికి రాలేదు గాని, మన మన్ను మాత్రం ఏటేటా నీటి దగ్గరికి పోతూనే వచ్చినది. ఆ మన్ను సంగతే నేడు మనవి చేయబోతున్నాను.

నిజాంసాగరు పని 1923లో మొదలై 1931లో ముగిసినది. నవాబు అలీ నవాజ్ జంగు దాని ఇంజనీరు. నిలువ 29.7 టీఎంసీలు, ఆయకట్టు 2,75,000 ఎకరాలు. అందుకోసం 40 ఊళ్లు ఖాళీ అయినవి. కింద వరి వచ్చింది, చెరకు వచ్చింది, 1937లో బోధనులో చక్కెర ఫ్యాక్టరీ కూడా వచ్చింది. ఆ కాలానికి అది గొప్ప పనే, అందులో సందేహం లేదు.

కాని లెక్కలో ఒక లోపం ఉండిపోయింది. నది ఎంత నీరు తెస్తుందో చూసినారు. ఎంత మన్ను తెస్తుందో సరిగా అంచనా కట్టలేదు. పైనున్న నేలలో ప్రతి 100 చదరపు కిలోమీటర్ల నుండి ఏటా 0.29 హెక్టారు మీటర్ల ఒండ్రు దిగుతుందని అనుకున్నారు. తరువాత జలాశయాన్ని కొలిచి చూస్తే అది 6.57గా తేలింది. ఇరవై రెట్లు దాటిందన్నమాట! పరీవాహక ప్రాంతం 21,694 చదరపు కిలోమీటర్లు. లెక్క వేసి చూడండి, ఏటా దాదాపు అర టీఎంసీ చోటును మన్ను ఆక్రమించుకున్నది. ఆ మన్నును అడుగు మందాన పరిస్తే 11 వేల ఎకరాలు దాటుతుంది. 1970ల నాటికి 29.7 టీఎంసీల నిలువ 11.8కి పడిపోయింది. అప్పుడు నీటిమట్టం పెంచి 17.8 టీఎంసీలకు తెచ్చినారు. పోయింది పోగా కొంత తిరిగి వచ్చినదే గాని, మొదటి నిలువ మళ్లీ రాలేదు.

“ఇంత మన్ను పోతూ ఉంటే మాకు కనబడదా?” అని మీరు అడగవచ్చు. నిజమే, కనబడదు. జలాశయం చేరిన మన్నును పరీవాహకమంతటికీ పంచి చూస్తే, ఏడాదికి మిల్లీమీటరులో మూడింట రెండు వంతుల మందం మాత్రమే. నోటుపుస్తకం అట్టంత. నాగలి పట్టిన వాడి కంటికి అది ఆనదు. కాని పోయేది పై పొర. ఎరువు సత్తువంతా ఉండేది దానిలోనే గదా!

మన్నంతా ఖేడుదే అని నేను అనటం లేదు. మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో పుట్టి, బీదరు జిల్లా దాటి మన దగ్గరికి వస్తుంది. నారాయణఖేడ్ తాలూకా కూడా 1956 వరకు బీదరు జిల్లాలోనిదే. రాష్ట్రాల పునర్విభజనలో మెదకు జిల్లాకు వచ్చింది. ఆనాటి నుండి ఒకే నది మీది నేల మూడు రాష్ట్రాల లెక్కల్లోకి చీలిపోయింది. వాగుకు సరిహద్దు తెలియదు, దస్త్రానికి మాత్రం తెలుసు.

రైతును తప్పుపట్టడమూ న్యాయం కాదు. లోతైన నల్లరేగడిలో వానకాలం కాలు పెట్టలేము. అందుకే చాలాచోట్ల పొలాన్ని ఖాళీగా ఉంచి, వానలు వెనుకబట్టాక జొన్న, శనగ వేయటం పాత అలవాటు. దానికి తగిన కారణమే ఉన్నది. అయితే వాన దెబ్బ గట్టిగా తగిలే నెలల్లో నేల మీద ఆకు నీడ ఉండదు. దీనికి తోడు జనం పెరిగిన కొద్దీ గుట్టల అంచున ఉన్న గైరాను, బంచరాయి భూములు దుక్కిలోకి వచ్చినవి.

కింది ఆనకట్టను, పై పొలాన్ని కలిపి ఒకే ప్రణాళికలో చూడాలన్న ఆలోచన లోకంలో లేకపోలేదు. అమెరికాలో టెనెసీ లోయ సంస్థ 1933లో ఆ పద్ధతిలోనే మొదలైనది. మన దేశంలో 1948లో దామోదర్ లోయ సంస్థ ఏర్పడింది. మూడవ పంచవర్ష ప్రణాళిక కాలంలో నదీలోయ పథకాల పైభాగాన భూసంరక్షణ పనులు చేపట్టినారు. నిజాంసాగరు పరీవాహకం కూడా అందులో చేరింది. కాని అప్పటికే జలాశయం నిండి మూడు దశాబ్దాలు. జబ్బు ముదిరినాక వైద్యుణ్ణి పిలిచినట్లు!

ఈ పాత సంగతి ఇప్పుడెందుకు? 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌లో సంగమేశ్వర, బసవేశ్వర ఎత్తిపోతల పథకాలకు శంకుస్థాపన జరిగింది. బసవేశ్వర ద్వారా 1.65 లక్షల ఎకరాలకు 8 టీఎంసీలు ఇవ్వాలని సంకల్పం. ఆ నీరు ఎత్తవలసింది సింగూరు నుండి. సింగూరు నిలువ 29.9 టీఎంసీలు, నిజాంసాగరు మొదటి నిలువకు ఇంచుమించు సరిసమానం. మనూరు, నాగల్‌గిద్ద వైపు వాలు నేలల మన్ను దిగేది ఆ సింగూరులోకే. నాడు మన మన్ను పోతే బోధను రైతు నీరు తగ్గింది. ఇకమీద పోయే మన్ను మనం ఆశపెట్టుకున్న నీటి చోటునే పూడుస్తుంది. ఏ నేలకు కాలువ, ఏ వాలు మీద చెట్టు, ఏ బంచరాయిని కదిలించకూడదు అన్నది కాలువ గీతతో పాటే తేల్చవలసిన విషయం. గ్రామసభలో విస్తరణాధికారి ఉన్నప్పుడే అడగండి.

చేలో చేయదగిన పని దూరాన లేదు. మన జిల్లాలోనే పటాన్‌చెరు ఇక్రిశాట్ క్షేత్రంలో 1976 నుండి నల్లరేగడి మీద రెండు పద్ధతులు పక్కపక్కన చూస్తున్నారు. పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా 6 టన్నులకు పైగా మన్ను పోయింది. స్వల్ప వాలుతో వెడల్పాటి బోదెలు తీసి, వానకాలంలోనే మొక్కజొన్న–కంది వంటి పంటలు వేసిన చోట ఒకటిన్నర టన్నులే పోయింది. గింజ దిగుబడి నాలుగు రెట్లు దాటింది. బోదెలు తీసే పనిముట్టు, మేలైన విత్తనం అందరికీ అందవన్నది నిజమే. అటువంటి వారు వాలుకు అడ్డంగా దున్నటం, ఒడ్డు తెగిన చోట రాళ్లు పేర్చి పైన గడ్డి పెట్టటం ముందు మొదలుపెట్టవచ్చు. 2015లో మిషన్ కాకతీయ వచ్చినప్పుడు చెరువు మన్ను తోలుకున్న రైతులకు దాని విలువ తెలుసు. కుంట ఎండిన వేసవిలో శిఖం నుండి ఆ ఒండ్రును మళ్లీ చేలోకి తోలండి. మృగశిర కార్తెకు ముందే ఒడ్ల పని ముగించి, మొదటి పెద్ద వాన నాడు గొడుగు పట్టుకొని చేనికి పోయి, ఎర్రనీరు ఏ మూల నుండి బయటికి పోతున్నదో గుర్తు పెట్టుకోండి.