ఎండోథీలియం, ధమనుల బిరుసుదనం

ఎండోథీలియం: రక్తనాళాల లోపలి గోడను ఒకే కణం మందంతో కప్పి ఉంచే పొర. ఇది విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు ధమనుల సాగే గుణాన్ని ప్రభావితం చేస్తుంది.

1980లో అమెరికాలో రాబర్ట్ ఫర్చ్‌గాట్, జాన్ జవాడ్‌స్కీ కుందేలు బృహద్ధమని ముక్కలను పరిశీలించారు. లోపొర (ఎండోథీలియం) చెక్కుచెదరని ముక్క అసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగలగానే సడలింది. రుద్దడంతో లోపొర ఊడిన ముక్క సడలలేదు. ఆ సడలింపు కారకం నైట్రిక్ ఆక్సైడేనని 1987లో తేలింది. ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో, ఫెరిద్ మురాద్‌లకు 1998లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

రక్తప్రవాహపు ఒరిపిడికి స్పందించి ఎండోథీలియం కణాల్లోని ఎంజైము ఎల్-ఆర్జినైన్ నుంచి ఈ వాయువును తయారుచేస్తుంది. కొన్ని సెకన్లే నిలిచే వాయువు పక్కనున్న నునుపు కండరాల్లో సైక్లిక్ జీఎంపీ అనే సంకేత అణువును పెంచి, వాటిని వదులు చేస్తుంది. వయసు పైబడడం, పొగతాగడం, మధుమేహం, అధిక రక్తపోటు ఈ వాయువు లభ్యతను తగ్గిస్తాయి, దాంతో ధమని బిగుసుకుంటుంది. ధమని గోడలో సాగే ఎలాస్టిన్ పోగులు తెగడం, గట్టి కొల్లాజెన్ పేరుకోవడం ఆ బిరుసును స్థిరపరుస్తాయి.

ఆహారం ద్వారా కూడా ఈ వాయువు అందుతుంది: పాలకూర, తోటకూర, బీట్‌రూట్‌లలోని నైట్రేట్లు నోటి బాక్టీరియా వల్ల నైట్రైట్లుగా, తర్వాత శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్‌గా మారతాయి.

ధమనుల బిరుసుదనాన్ని మెడ, గజ్జల మధ్య నాడి (పల్స్) తరంగ వేగంతో కొలుస్తారు. 2013 నాటి ఐరోపా మార్గదర్శకాల ప్రకారం సెకనుకు 10 మీటర్లు దాటిన వేగం ధమని దెబ్బతిన్నదనడానికి సూచిక.